పాటలు లేని రికార్డు

"పాటలేవి?" అన్నాడు కోఠీ షాపువాడు,
అట్ట తిరగేసి, మళ్ళీ తిరగేసి.
లేవన్నాను.
హీరో మెట్లు దిగుతుంటే ముప్పై వయొలిన్లు,
ఉత్తరం చదివేటప్పటి ఒక్క క్లారినెట్,
అవే.

ఎనభై నాలుగు. మూతపడ్డ స్టూడియోలో
తూకానికి కొన్న టేపులు.
స్కూటరమ్మి మూడొందల కాపీలు కొట్టిస్తే
నలభై ఒకటి పోయాయి.
తక్కినవి చిక్కడపల్లి గదిలో, మంచం కింద.
వాటి మీదే నిద్ర.

ఎవరో చెబితే పెంటోజీ వచ్చాడు,
యాకుత్‌పురా నుంచి రెండు బస్సులు మారి.
రెండోవైపు, నాలుగో ముక్క.
వయొలిన్లు ఆగిన చోట
చిన్న దగ్గు.
"నేనే దగ్గిన. టేకు మంచిగొచ్చిందని ఉంచిన్రు."

అట్ట మీది పేర్లలో ఆయన లేడు.
ఆ రాత్రి పెన్ను తీశాను,
రెండొందల యాభైతొమ్మిది సార్లు.
చివరి పాతికకి ఇంకు రంగు మారింది.