గురువారం, చెప్పుల కొట్టు వెనక

వాల్పరైసోలో కొండలు నలభై పైచిలుకు.
కొండకో సారా కొట్టు నాకు తెలుసు,
కళ్ళకు గంతలు కట్టి వదిలినా వెళ్ళిపోగలను.
తాగడం మానినవాళ్ళు కూర్చునే గది ఎక్కడుందో మాత్రం
యాభై మూడేళ్ళొచ్చినా ఎవర్నీ అడగలేదు.

పన్నెండేళ్ళు కొండ లిఫ్టు నడిపాను.
రోజంతా ఎక్కడం, దిగడం,
ఎక్కడికీ వెళ్ళని ఉద్యోగం.
టిక్కెట్ల గూట్లో, చిల్లర డబ్బా వెనక
ఒక ఫ్లాస్కు. అందులో టీ అని అందరూ అనుకున్నారు.
అందరూ అనుకున్నారని నేననుకున్నాను.

మొదట వెళ్ళింది చర్చి వెనక గదికి.
తలుపు తీసింది మా వీధి రొట్టెల దుకాణం ఎడెల్మీరా.
"వచ్చావా ఎర్మెలిందా,
ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నామో!"
ఆ మాటతోనే వెనక్కి తిరిగాను.
నెల రోజులు రొట్టె వేరే వీధిలో కొన్నాను.

రెండోది రేవు దగ్గర, ఓడకూలీల యూనియన్ హాల్లో.
ఇరవైమంది మగవాళ్ళు. ఒకడు పడవ అమ్ముకున్నాడు,
ఒకడు తన పడవతోపాటు బావమరిది పడవ కూడా.
పోగొట్టుకోవడంలోనూ పోటీయే.
నా వంతు వచ్చేసరికి
కూతురి పెళ్ళినాడు బాత్రూంలో పడి నిద్రపోయిన సంగతి
మరీ చిన్నదైపోయింది. నోరు పెగల్లేదు.

మూడోది ఊరి చివర అద్దాల ఆసుపత్రిలో.
గోడమీద సూర్యోదయం బొమ్మ.
అక్షరాలు దిద్దించే పంతుల్లా ఓ కుర్రడాక్టరు
నీ బాధకి పదికి ఎన్ని మార్కులేస్తావని అడిగాడు.
ఏడు, అన్నాను.
ఏడంటే ఎంతో నాకూ తెలీదు, అతనికీ తెలీదు.
రాసుకున్నాడు.

చెప్పు కరిస్తే తప్పు కాలిదే అనుకుంటాం.
ఆ రాత్రి నేనూ అలాగే అనుకున్నాను,
అనుకుని తాగాను.
దాని గురించి ఇంతకన్నా చెప్పను.

నాలుగో చిరునామా అట్టముక్క మీద రాసిచ్చింది
చేపలు శుభ్రం చేసే పిల్ల. పేరు కూడా అడగలేదు.
కొండకిందకి వెళ్తే లిఫ్టు చెడిపోయి ఉంది, నా లిఫ్టే.
నన్ను తీసేశాక నూనె పెట్టే దిక్కు లేదు కాబోలు.
కొంచెం సంతోషించాను, దాపరికమెందుకు.
మెట్లు నూట డెబ్భై దాకా లెక్కున్నాయి,
తర్వాత మోకాళ్ళే ఉన్నాయి.

చెప్పులు కుట్టే రుపెర్తో కొట్టు, దాని వెనక గది.
అరల నిండా అరిగిన బూట్లు,
ఒక్కో జతకీ చీటీ, పేరు, తారీకు.
జిగురు వాసన సారాలాగే తలకెక్కబోయి
గుమ్మంలోనే భయమేసింది.
ఏడుగురున్నారు. ఎవరూ లేచి నిలబడలేదు.
ఒకావిడ తన సంచి తీసి కుర్చీ ఖాళీ చేసింది, అంతే.

ఒనోఫ్రే అనే పళ్ళులేని ముసలాయన
గోడకానుకుని గురక పెడుతున్నాడు.
మిగతావాళ్ళు ఆ గురకలో సందు చూసుకుని మాట్లాడుతున్నారు.
"లేపరా?" అన్నాను.
అక్కడ నేనన్న మొదటి మాట అదే.
"పదకొండేళ్ళు సీసా లేకుండా కన్ను మూతపడలేదు,"
పళ్ళమధ్య మేకు తియ్యకుండానే అన్నాడు రుపెర్తో,
"ఇక్కడొక్కచోటే పడుతుంది.
గురువారం గురువారం వస్తాడు, పడుకుని వెళ్తాడు."

నాకు నవ్వొచ్చింది.
మందు లేకుండా నవ్వితే నా గొంతు ఇలా ఉంటుందని తెలీదు,
కీచుమంటూ, పై మజిలీ చేరేముందు లిఫ్టులాగా.
ముసలాయన ఒక కన్ను తెరిచి
నన్ను చూసి, మళ్ళీ మూశాడు.

నా కథ ఆ వారం చెప్పలేదు. పై వారమూ లేదు.
మూడో గురువారం పెళ్ళినాటి సంగతి ఎత్తుకున్నాను.
సగంలో నీళ్ళు మరిగాయి, ఎవరో కప్పులు కడగడానికి లేచారు,
నేను ఆగిపోయాను.
ఒక్కరూ "తర్వాత?" అనలేదు.

ఈ గురువారం వానట.
లిఫ్టు ఇంకా బాగుచెయ్యలేదు.
ఎడమ బూటు అడుగు ఊడొచ్చేలా ఉంది.
రుపెర్తోకి ఇవ్వాలి. ఇచ్చేస్తే
ఏం తొడుక్కుని దిగిరాను?