నలుగురికి పాస్

మే నెల. ఆటోనగర్ రెండో క్రాస్.
లారీ బాడీ నీడలో కూర్చుని
సుద్దముక్కతో ఛాసిస్ మీద లెక్క వేశాను.
మనిషికి టికెట్ నాలుగొందల యాభై.
నలుగురం వెళితే పద్దెనిమిది వందలు.
ఏడాది పాస్ ఏడువేల రెండొందలు.
నాలుగుసార్లు వెళితే డబ్బుకి డబ్బు సరి,
అయిదోసారి నుంచి మంచు ఉత్త పుణ్యానికే.

అబ్బులు మేస్త్రి వంగి చూశాడు.
"రానూపోనూ ఛార్జీలు వేశావా?
కోట్లకీ బూట్లకీ అద్దె?
బయటికొచ్చాక పిల్లలడిగే మొక్కజొన్న పొత్తులు?"
వేయలేదు.
లెక్కలో ఆకలి ఏ గడిలో రాయాలో
నాకు ఎవరూ చెప్పలేదు.

బందరు రోడ్డు మాల్, మూడో అంతస్తు.
గాజు తలుపు వెనక, సున్నాకి అయిదు మెట్లు కింద
ఒక చిన్న తెల్లకొండ.
ప్లాస్టిక్ చెక్కల మీద పిల్లలు జారుతుంటారు.
అక్కడే బ్లెస్సీకి మొదటిసారి
తన ఊపిరి తనకి కనబడింది.
"నాన్నా, నేను చుట్ట తాగుతున్నా!" అంది.
ఆ పూటే పాస్ కొనేశాను,
వంటింటి రేకులు మార్చాలనుకున్న చీటీ డబ్బుతో.

"ఫ్యామిలీయేనా సర్?" అంది కౌంటర్‌లో అమ్మాయి.
ఫ్యామిలీ అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు.
మేం అయిదుగురం.
అయిదో మనిషి, మా అత్త దీనమ్మ,
కానూరులో గుమ్మం ముందు కూర్చుని
చింతపండులో గింజలు తీస్తోంది.

కొన్నాక ఆ పాస్ ఇంట్లో
అలిగే చుట్టంలా తయారైంది.
ఆదివారం చర్చి అయిందో లేదో కరుణ మొదలెట్టేది:
"పదండి, డబ్బులు కరిగిపోతున్నాయి."
రెండోసారి పోట్లాడుకుంటూ వెళ్ళాం.
మూడోసారి చిన్నాడికి జలుబు,
మఫ్లర్ చుట్టి మరీ తీసుకెళ్ళాం,
జలుబుతో, మంచులోకి, పాస్ కోసం.
గాజు తలుపులో నా మొహం కనిపిస్తే
నాకే నవ్వొచ్చింది.
ఆ తర్వాత వానలు, పరీక్షలు, నా నైట్ డ్యూటీలు.

ఆ మూడోసారే బ్లెస్సీ
అమ్మమ్మ కోసం టిఫిన్ డబ్బాలో గుప్పెడు మంచు దాచింది.
బస్సు పటమట దాటేసరికి ఒడంతా తడి.
దీనమ్మ మూత తీసి వాసన చూసింది.
వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.
"పర్లేదు, మంచినీళ్ళతోనే చేస్తున్నారు."

పదహారేళ్ళు వన్‌టౌన్ ఐసు ఫ్యాక్టరీలో
దిమ్మలు లాగిన మనిషి.
ఊకలో దొర్లించి, గోనె కప్పి
చేపల లారీలకి ఎత్తేది.
నడివేసవిలో వేళ్ళు కమిలి నీలంగా ఉండేవట.
సాయంత్రం పొయ్యి ముందు చేతులు చాపుకుంటే
వాడంతా వచ్చి చూసి నవ్వేదట,
బెజవాడ ఎండల్లో చలి కాచుకునే మనిషిని.

"చలికి మీరు డబ్బులు కట్టారా?" అంది.
వెటకారం కాదు, తెలుసుకుందామనే.
"మాకు వాళ్ళిచ్చేవాళ్ళు. రోజుకి పదకొండు రూపాయలు."

మొన్న ఏప్రిల్‌లో మెసేజ్ వచ్చింది:
పాస్ పొడిగిస్తే పది శాతం తగ్గింపు.
ఇంకా ఒక్కసారి బాకీ ఉన్నాం.
సుద్దలెక్క ఉన్న ఆ లారీ
ఇప్పుడే ఒరిస్సా రోడ్డు మీదుందో.

నాలుగోసారి అత్తకి విడిగా టికెట్ కొన్నాను.
గ్లవుజులు వద్దంది.
కొండని పిడికిలితో నొక్కి చూసి
అక్కడి కుర్రాణ్ణి పిలిచింది:
"ఇటువైపు గట్టిపడలేదు బాబూ,
మిషను చూసుకోండి."
జారమంటే జారలేదు.
బ్లెస్సీ పక్కన కూర్చుని
ఇద్దరూ వంతులేసుకుని ఊపిరి ఊదారు.

బయట నలభై రెండు డిగ్రీలు.
మొక్కజొన్న బండి దగ్గర ఆగి దీనమ్మ
నిప్పుల మీదికి రెండు చేతులూ చాపింది.
దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.
బ్లెస్సీ కూడా చాపింది.
బండివాడు విసరడం ఆపి
"ఎన్నమ్మా?" అన్నాడు.

అయిదు పొత్తులు, రెండొందలు.