యాభై పాయింట్ రెండు

ఎనుమాముల మార్కెట్ కమాను దాటినంక
మిర్చి ఘాటు జర తగ్గే మలుపుల మా షాపు.
బోర్డు మీద బాపు పేరు ఎండకు సగం రాలి
'మొగి' దాకనే మిగిలింది.

చెట్లు కోసే మిషన్‌ను
బాపు చెవితోనే సెట్ చేసేటోడు.
కార్బురేటర్‌కు రెండు స్క్రూలు,
పావు తిప్పు అటు, వెంట్రుకంత ఇటు.
"నిండు రేసుల కొంచెం బుడబుడమనాలె బిడ్డా,
మరీ సాఫుగ పాడిందంటే
పిస్టన్ కాలబోతున్నట్టు."
ఆ బుడబుడ దొరికేదాకా
కండ్లు తెరిచేటోడు కాదు.

ఇయ్యాల నల్లబెల్లి నుంచి ఓదెలు
సంచిల కొత్త మిషన్ తెచ్చిండు.
రెండు స్క్రూల మీద రెండు ఎర్ర టోపీలు,
శనగ గింజంత.
చిటికెడు తిరిగి ఆగుతయి.
"నా చేతికి తాళమేసింది ఎవడు?"
బాపు నన్నే అడిగిండు, నేనే ఏసినట్టు.

చెప్పిన.
పాత ఇంజనంటే కాజీపేటల జనరల్ బోగీ, బాపు.
దిగేటోళ్లు దిగకముందే ఎక్కేటోళ్లు దూరుతరు.
ఆ తోపులాటల
ఎక్కినోళ్లల్ల నాలుగో వంతు
దిగేటోళ్లతోనే మళ్ల ప్లాట్‌ఫారం మీద పడతరు.
అట్ల కాలకుంటనే బయట పడ్డ పెట్రోలుకు
ఇప్పుడు లెక్క పెట్టిన్రు.
కొత్తదాంట్ల ముందు ఉత్త గాలిని పంపుతరు,
అది పొగను తోసుకుంట పోతది,
వెనక పెట్రోలు నిమ్మళంగ వచ్చి కూసుంటది.

"అంటే గాలిది వెట్టి కూలి," అన్నడు బాపు.
నవ్వబోయి దగ్గిండు.
ఆ దగ్గు ఎటు పోతదో నాకు ఎరుకే,
ఎంజీఎంల తీసిన ఫొటోను
ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూసిన.
ఆ ఫొటోల నలుపు మంచిదట,
తెల్ల మచ్చలే చెడ్డయట.
పాత మిషన్లు పొగ ఊదిన మా గోడ
దానికి తలకిందులు.

ఓదెలు సందేహం వేరే.
"యాభై పాయింట్ రెండు సీసీ ఏందే స్వరూపా?
యాభై అంటే సరిపోదా?"
యాడనో ఒక దేశంల
కాయిదం మీద గీత గీసిన్రు, కాకా.
యాభైకి ఇవతల గట్టి లెక్క,
అవతల జర వదులు.
కంపెనోళ్లు సిలిండర్‌ను
గీత మీదికెంచి ఒక్క చుక్క అవతలికి జరిపిన్రు.

ఓదెలు తొడ చరిచి నవ్విండు:
"మా పాలోడు గట్టు జరిపినట్టే!"
నవ్వు ఆగినంక అన్నడు:
"పాతదానికంటే ఏడు వందల గ్రాములు ఎక్కువున్నది.
సైలెన్సర్ నిప్పుల కుండ,
ఎండాకుల మీద పెట్టాలంటే గుండె కొట్టుకుంటది.
పొద్దంత నీలగిరి చెట్లు కోసేటోని భుజాన్ని
ఏ కాయిదం మీద తూచిన్రు?"

నా దగ్గర జవాబు లేదు.
ఐటీఐల ఆ పాఠం చెప్పలే.

"ఒక్క టోపీ పీకు మొగిలన్నా,
ఇంకింత తాగనీ దాన్ని."
బాపు సూదిని మంటల కాల్చి
టోపీకి గుచ్చి లాగిండు.
తాడు గుంజిండు. రేసు పెంచిండు.
స్క్రూను అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
కండ్లు మూసుకొని చానాసేపు విన్నడు.
బుడబుడ వచ్చింది, దాంతోని నీలి పొగ.
ఆఖరుకు ఎక్కడ ఉన్నదో
అక్కడికే తెచ్చి వదిలిండు.
"కంపెనోనికి చెవులు లేకపోలేదు," అన్నడు,
ఓడిపోయిన గొంతుతోనో
తోటి మేస్త్రి దొరికిన గొంతుతోనో,
నాకు తెల్వలే.

పీకిన టోపీ మళ్ల కూసోలే.
ఆదివారం బట్టలు పిండుతుంటే
బాపు అంగీ జేబుల దొరికింది.
పనికొస్తదో రాదో,
సూది వాల్వుల డబ్బాల ఏసి పెట్టిన.

ఆ రోజు ఓదెలు పైసలిచ్చి
మిషన్ ఎత్తుకొని పోతుంటే
షాపు మెట్ల మీద నిలబడి చూసిన.
మార్కెట్ కమాను దాటేలోపల్నే
రెండుసార్లు భుజం మార్చిండు.