కొసరు

డేఅండ్‌నైట్ కూడలిలో
ఎరువుల కొట్టు మీద రెండో అంతస్తు.
రాత్రి ఏడున్నరకి వేలిముద్ర వేసి
నేను కేట్‌ని అయిపోతాను.
పగలైతే ముద్దాడ కస్తూరిని,
బీఎస్సీ బాటనీ, సెకండ్ క్లాసు.

కింద నుంచి యూరియా ఘాటు.
పైన పదకొండు కంప్యూటర్లు, ఒక ఏసీ,
అది కూడా సర్వరు కోసం, మా కోసం కాదు.
కెనడాలో అప్పుడు పొద్దుటి కాఫీ వేళ.
కప్పు పక్కన బిల్లు పెట్టుకుని
ఒక్కొక్కరే వచ్చి
నా తెర మీద తలుపు కొడతారు.

నా పని, నెట్ కనెక్షన్ వదిలి పోతానన్నవాళ్ళని ఆపడం.
మొదటిసారి పోతానంటే
మీరు మాకెంతో ముఖ్యం అనాలి.
రెండోసారి అంటే
ఆర్నెల్లకి అయిదు డాలర్లు.
మూడోసారి అంటేనే
అసలు సొరుగు తెరుచుకుంటుంది.
ఆ సొరుగొకటి ఉందని
మాత్రం మనంతట మనం చెప్పకూడదు.

నిన్న రాత్రి రెండింటికి
అయిలీన్ అని ఒకావిడ వచ్చింది.
ఒంటి వేలితో కొడుతున్నట్టుంది,
మూడు చుక్కలు కదిలి, ఆగి, మళ్ళీ కదిలి
చివరికి రెండు వాక్యాలు:
పక్క ఫ్లాట్‌లో కొత్తగా దిగిన కుర్రాడికి నలభై అయిదట,
పదిహేడేళ్ళుగా మీ దగ్గరున్న నాకు తొంభై అయిదు.
పొరపాటేమో చూస్తారా?

పొరపాటు కాదమ్మా.
ఉన్నవాళ్ళు ఎలాగూ ఉంటారు కదా అన్న లెక్క.

ఆవిడ పోతానని ఒక్కసారీ అనలేదు.
చూస్తారా అంది, అంతే.
ఆవిడ బిల్లు కిందికీ పైకీ జరిపాను.
మోడెం అద్దె ఉంది,
కాగితం మీద పంపినందుకు రుసుముంది,
రుసుము మీద పన్నుంది.
మా అమ్మ కిలో తూచాక
ముల్లు అటు మొగ్గినా సరే
పిడికెడు బెండకాయలు పైన పడేసి
కొసరు, అంటుంది.
ఆ గడి మాత్రం ఎక్కడా లేదు.

టైపు చేశాను:
నేను వెళ్ళిపోతాను అని రాయండి.
నాకు వెళ్ళాలని లేదే, అంది.
తెలుసు. రాయండి. మూడుసార్లు.

చాలాసేపు చుక్కలు.
తర్వాత, బళ్ళో మొదటిసారి అబద్ధమాడుతున్న పిల్లలా,
వెళ్ళిపోతాను.
వెళ్ళిపోతాను.
క్షమించాలి, వెళ్ళిపోతాను.

యాభై రెండుకి దిగింది.

తెల్లవారుజామున టీం లీడరు దాలినాయుడు
చాటంతా పైనుంచి కిందికి చదివి
"ఏటి కస్తూరీ, కొంప ముంచీగలవు" అన్నాడు.
ఈ నెల ఇన్సెంటివ్ ఆరొందలు కొట్టేశాడు.
గట్టిగా తిట్టలేదు.
తన ఫోన్‌కి రీచార్జి అయిపోయిందని
నా హాట్‌స్పాట్ అడిగి
మార్కులు దాంతోనే పంపాడు.
నెలంటే ఇరవై ఎనిమిది రోజులని
మాకూ ఎవరో ఎప్పుడో నేర్పేశారు.

అట్నుంచటే మార్కెట్టుకి పోయాను.
గేటు బయట గోనె పరుచుకుని
అమ్మ అప్పుడే మూట విప్పుతోంది.
జరిగిందంతా చెప్పాను,
మెచ్చుకుంటుందనే చెప్పాను.

"అడగనోళ్ళకి తగ్గించీడమేటే?
ఆ లెక్కల మేస్టార్ని సూడు,
ఎప్పుడూ బేరమాడ్డు.
ఆరేళ్ళ నుండి ఆయనకి
కిలోకి అయిదు ఎక్కువే సెప్తన్నాను."

మరి కొసరో? అన్నాను.

"కొసరెయ్యకపోతే మళ్ళీ వస్తాడేటి?"

అంతలో ఆయనే వచ్చాడు,
చంకలో సంచీ, చెవికి మఫ్లరు.
నలభయ్యేనా? అన్నాడు.
"నలభయ్యే బావూ."
ముల్లు నిలబడింది.
అమ్మ పిడికిలి నింపి పైన వేసింది.
ఆయన మొహం వెలిగింది,
నిజంగానే వెలిగింది, నేను చూశాను.

రాత్రంతా మేలుకున్న కళ్ళతో
ఆ పిడికిట్లో ఎన్ని కాయలున్నాయో
లెక్కపెట్టబోయి,
నాలుగు దగ్గర ఆపేశాను.