బి సీసా

రాత్రి పదకొండున్నర. హల్ ఊళ్ళో వాన.
ఛాంపియన్ మూత్రం కోసం
డ్రెస్సింగ్ రూమ్ బయట కూచున్నాను.
ఇదే నా ఉద్యోగం. నవ్వితే నవ్వండి,
మా ఆవిడ డోరీన్ ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది.

ఓడినవాడు ఎప్పుడో ఇచ్చి వెళ్ళిపోయాడు.
ఓడినవాళ్ళకి తొందరగా వస్తుంది, ఎందుకో.
గెలిచినవాడు లోపల అయిదో సీసా నీళ్ళు తాగుతున్నాడు.
తూకానికి దిగడం కోసం వారమంతా
ఒంటిని తడిబట్టలా పిండుకున్నాడు,
ఇప్పుడు చుక్క కావాలంటే ఎక్కణ్ణించి తెస్తాడు?
అతని లాయరు గోడకి ఆనుకుని
నా చేతులకేసే చూస్తున్నాడు:
మూత బిగించడంలో ఒక మర తప్పుతుందేమో,
అంకెల్లో ఏడు ఒకటిలా పడుతుందేమో.
ఆ ఒక్క గీత చాలు,
ఎ సీసా, బి సీసా రెండూ అబద్ధాలాడాయనడానికి.

అప్పుడొచ్చాడు ఐవార్స్,
కంటిమీద గడ్డకట్టిన బఠాణీల సంచీ అదుముకుని.
లాట్వియా మనిషి. గ్రిమ్స్‌బీలో చేపలు కోస్తాడు.
శనివారాలు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి ఓడిపోతాడు.
ఇది డెబ్బై ఒకటోది.
పక్క కుర్చీలో కూలబడి, "నా వంతెప్పుడు?" అన్నాడు.
నీకు లేదయ్యా అన్నాను.
"నన్ను కొట్టిన కుర్రాడికి?"
వాడికీ లేదు. పెద్ద పోటీ ఒక్కదానికే డబ్బు కట్టారు.

కోపం రాలేదతనికి. వస్తే బాగుండేది.
సంచీని అటునుంచి ఇటు మార్చి
"ఆరో రౌండులో కూడా వాడికి ఆయాసం లేదు" అన్నాడు.
"నేను చాలామంది చేతుల్లో తిన్నాను.
ఏ చెయ్యైనా చివరికి బరువెక్కుతుంది.
వీడిది ఎక్కలేదు."
వయసేమో అన్నాను.
"వయసే అయుండొచ్చు.
అదే, తెలిస్తే బాగుండును."

లేచి, నీళ్ళ యంత్రం దగ్గర ఒక కాగితం కప్పు తీసుకుని
మరుగుదొడ్లోకి వెళ్ళాడు.
తెచ్చి నా బల్లమీద పెట్టాడు,
రెండు చేతులా, టీ ఇచ్చినట్టు.
"ఉంచు. నేనైనా శుభ్రంగానే ఓడానని
ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా."

దానికి ఫారం లేదు. నంబరు లేదు. సీలు లేదు.
పసుపు కూడా కాదది, ఇటుక రంగు.
నడుముల మీద పడ్డ దెబ్బల రంగు.
ఆసుపత్రికి పో అన్నాను.
అయిదింటికి షిఫ్టు అన్నాడు.
కరుగుతున్న బఠాణీలు కారుకుంటూ
వానలోకి వెళ్ళిపోయాడు.

లోపల్నుంచి కేక: "వస్తోంది! వస్తోంది!"
ధార మొదలైన దగ్గర్నుంచి సీసాలో పడేదాకా
కళ్ళు తిప్పుకోకూడదు. అది నిబంధన.
లేచాను. కొత్త తొడుగులు వేసుకున్నాను.
లాయరు నా వెనకే వస్తూ
బల్లమీది కప్పు చూసి ఆగాడు.
ఇదెవరిది అన్నాడు.

ఎవరిదీ కాదన్నాను.