దస్తీ

హన్మకొండ బస్టాండుల పొద్దుగాల ఆరింటికి
కిటికీలకెల్లి ఒక చెయ్యి లోపలికొచ్చి
ఎడమ దిక్కు మూడో సీటు మీద దస్తీ వేసింది.
నీలి గళ్ళది. మూలకు సున్నం మరక.
చెయ్యి వెనక మొఖం నేను చూడలే.

నేను కెర్నెల్ కాడ పనిచేస్త.
"అంటే ఏం పని బిడ్డా" అన్నది కండక్టర్ కొమురక్క,
చిల్లర లెక్కపెట్టుకుంటనే.
నీ పనే అక్కా అన్న. జాగలు చూసుడు.

జాగ ఎప్పుడూ తక్కువే.
అందుకే కెర్నెల్ అందర్నీ జరుపుతది:
నిద్రపోయేటోన్ని వెనక్కి, మూటల్ని టాపు మీదికి,
ఇద్దరి సీట్ల ముగ్గుర్ని.
ఎవలూ ఏమనరు. యాడ కూసున్నా ఊరొస్తది గద.

కని తెరకు బొమ్మ పంపే పేజీని జరపరాదు.
సెకనుకు అరవై మార్లు తెర వచ్చి
అదే అడ్రసు కాడ తలుపు తీస్తది.
బొమ్మ లేకుంటే ఏముంటే అదే చూపెడతది,
ఎవరి ఉత్తరమో, ఎవరి బాకీ లెక్కనో, ఉత్త ఇసుకనో.
పక్కింట్ల అడుగుడు దానికి రాదు.
అందుకే ఆ పేజీకి మేకు కొడతం.
ఎన్ని మేకులో రాసి పెడతం.
పని అయినంక ఎవరి మేకు వాళ్ళు పీకాలె.
సున్నా అయితెనే అది కదులుతది.

గుడెప్పాడ్ కాడ పదకొండు మంది ఎక్కిండ్రు.
మిర్చి సంచితోని ఒకామె, టై కట్టుకున్న పిల్లలు,
చంకల కోడితోని ఒక ముసలాయన.
"ఎవలూ లేరు గద ఈడ?"
"దస్తీ ఉన్నది గద" అన్నది కొమురక్క.

భూపాలపల్లి దవాఖానల స్కానింగు మిషన్
రోజూ పన్నెండు దాటంగనే బిగుసుకపోతది.
సిస్టర్ ఎస్తేరు ఫోన్ల చెప్పింది:
"బొమ్మ ఆగింది మేడం, లోపలి బిడ్డ చెయ్యి లేపినకాడనే.
తల్లి నా మొఖం చూసింది. నేనేం చెప్పాలె?"

మూడు వారాలు వెతికిన.
ప్రోబు వైరు నడుమ ఊడితే
మా కోడ్ల ఒక అడ్డదారి ఉన్నది.
ఆ దారిల పోయినోడు ఉరుక్కుంట వాపసైతడు,
మేకు మరుస్తడు.
ఊడినప్పుడల్లా ఒక మేకు.
పొద్దటి సంది పగటి దాకా
ఎవలూ కూసోని సీట్లతోని బస్సు నిండుతది.

"గట్లైతె తప్పెవలిది?" అడిగింది.
డ్రైవర్‌ది అన్న.
స్టీరింగ్ కాడ మొగిలి గిర్రున తల తిప్పిండు.
నువ్వు గాదన్నా. నేను రాసిన డ్రైవర్.
రెండేండ్ల కింద, ఒక శుక్రవారం, ఇంటికి పోవాలన్న తొందరల.
కెర్నెల్ తప్పేం లేదు.
అది మాట మీద నిలబడ్డది.

పరకాల దాటింది. కోడి ముసలాయన
కాలు మార్చి కాలు మీద నిలబడ్డడు.
నా సీటిస్తే వద్దన్నడు, రేగొండల దిగుతనన్నడు.
కొమురక్క దస్తీ దిక్కు చూసింది,
ఎనుకకు పోతున్న రోడ్డు దిక్కు చూసింది,
తియ్యలే.

నా సంచిల దిద్దిన కోడు ఉన్నది.
దిద్దింది ఒక్క వరుసనే.

భూపాలపల్లిల అందరూ దిగినంక
దస్తీని దులిపి, నాలుగు మడతలు పెట్టి
టికెట్ల సంచిల వేసుకున్నది కొమురక్క.
"రేపు ఆరింటికి ఇదే బండి" అన్నది,
నాతోనో, ఆ చెయ్యితోనో.

దవాఖాన గేటు కాడ వాచీ చూసుకున్న.
పన్నెండుకు ఇంకా మూడు గంటలు.