నాలుగు సున్నా సున్నా

ఎనిమిది మెషీన్లకీ తీరం పేర్లు పెట్టాను:
భీమిలి, మంగమారిపేట, జాలారిపేట, లాసన్స్ బే,
యారాడ, గంగవరం, అప్పికొండ, పూడిమడక.
ఏడు లేచాయి.
అప్పికొండ లేవలేదు.

రాత్రి ఒంటిగంటన్నర. చినవాల్తేరులో
మూడో అంతస్తు. ఏసీ చలికి చున్నీ తలకి చుట్టుకుని
నేల మీద కూర్చున్నాను, ఒళ్ళో కీబోర్డు.
కిటికీ సందులన్నిటికీ టేపు వేశాం.
అయినా ఉప్పు ఎలాగో వస్తుంది,
కొన్న ఆర్నెల్లకే రాక్ మరలు ఎర్రబడ్డాయి.
డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
గాజు మీద ఒకసారి మెరిసి పోతుంది,
మళ్ళీ వచ్చేసరికి నేను అదే లైను చదువుతుంటాను:

తాళంచెవి భద్రంగా లేదు. సర్వీసు మొదలవదు.

దొంగలెవరూ రాలేదు. నేనే.
నిన్న సాయంత్రం ఏదో ఫైలు మొండికేస్తే,
అవతల బస్సు పోతుందన్న తొందరలో
మూడు ఏళ్ళు కొట్టేశాను. ఏడు ఏడు ఏడు.
ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు,
ఎవరైనా నడిపించొచ్చు.
ఆ క్షణంలో నాకది దయలాగే అనిపించింది.

నేను పాసుల ఊళ్ళో పెరిగినదాన్ని.
పోర్టుకి ఒకటి, డాక్‌యార్డుకి ఒకటి,
స్టీల్ ప్లాంటు గేటు దగ్గర మరొకటి.
ఈ ఊళ్ళో కొండకీ గేటుంది,
సముద్రంలో కొంత భాగానికీ గేటుంది.
పదేళ్ళప్పుడు ఒక ముళ్ళకంచె అవతల నెమలిని చూసి
దానికి పాసు ఎవరిచ్చారని అడిగానట.
అందుకేనేమో, మూసిన తలుపంటే నాకు పడదు.

"ఏటమ్మా, ఇంకా లెగనేదా?"
గడప అవతల నుంచి అసిరయ్య.
గది తాళాలు ఆయన మొలతాడుకి ఉంటాయి,
గదిలోకి రావడానికి మాత్రం
రిజిస్టర్‌లో ఆయన పేరు లేదు.

చెప్పాను. తలుపులన్నీ బార్లా తీశాను,
అందుకే అలిగి కూర్చుందని.
ఆయన నవ్వలేదు.
"హుద్‌హుద్ నాడు నానూ అదే సేసినాను.
గాలి ఇటొచ్చి అటు పోద్దిలే అని
రెండేపులా తలుపులు తీసీసినాను.
పోనేదు. లోపలే తిరిగింది.
రేకులు ఏ ఈదిలో పడ్డాయో ఇప్పటికీ తెల్దు."

తాళంచెవి ఫైలుకి నాలుగు సున్నా సున్నా పెట్టాను.
"నాలుగొందలా? గాజువాక బస్సు నెంబరు కదా."
సొంతదారు చదవొచ్చు, ఇంకెవరూ ఏమీ చేయకూడదు,
సొంతదారైనా సరే, రాయకూడదు.
మళ్ళీ మొదలుపెట్టాను.
లేవలేదు.

ఈసారి ఫైలు కాదు, దాన్ని దాచిన ఫోల్డరు.
డబ్బాకి తాళం వేసి ఇల్లు వదిలేసినట్టు.
అదీ సరిచేశాను.
ఇంకా లేవదు. లాగ్ రాసుకునే చోటు
రూట్ పేరు మీద ఉంది.
రాత్రంతా చేసిన పనులన్నీ రూట్‌గానే చేశాను మరి,
నేను ముట్టుకున్న ప్రతిదీ నాదైపోయింది,
పని చేయాల్సిన వాడిది కాకుండా.

ఆ పని చేసే యూజరు చిత్రమైనవాడు.
వాడికి హోమ్ లేదు. పాస్‌వర్డు లేదు.
లాగిన్ అవుతానంటే సిస్టమే వద్దంటుంది.
ఎనిమిది మెషీన్లూ ఒకదాన్నొకటి నమ్మాలంటే
తాళంచెవి ఉండాల్సింది వాడి పేరు మీదే.
మార్చాను. ఒక్కో ఫోల్డరూ, పేరు చూసుకుంటూ,
అప్పు తీర్చినట్టు.

మూడూ పదికి అప్పికొండ పచ్చబడింది.

మొదటి పనిగా అన్నిటినీ పేరు చెప్పమన్నాను.
వరసలో చెప్పవు అవి, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు.
యారాడ ముందు. పూడిమడక. భీమిలి.
అప్పికొండ ఆరోది.
రేపట్నుంచి ఇవి అలల ఎత్తు లెక్కగట్టాలి,
ఇప్పటికి హాజరు పలికితే చాలు.

"రా అసిరయ్యా, లోపలికొచ్చి చూడు."
"మనకి పరిమిషను నేదు కదమ్మా,"
అంటూ అద్దానికి నుదురు ఆనించి
ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివాడు.
జాలారిపేట దగ్గర ఆగి, "మా ఊరే" అన్నాడు.

కింద హార్బరులో బోట్ల ఇంజిన్లు మొదలయ్యాయి.
ఆయన ఊపిరి అద్దం మీద కాసేపు ఉంది.